రిజిస్టర్ పోస్ట్ లేదంటున్నారు, సిబిల్ (మన అప్పుల రికార్డు ఉంచే కంపెనీ) రిపోర్టులో తప్పు మీద లెటర్ ఎలా పంపాలి?

గాజువాక_షిఫ్ట్:
నమస్తే అండి. మాది గాజువాక, పరవాడ ఫార్మా సిటీలో డ్యూటీ. 2019లో బండి మీద ఫైనాన్స్ తీసుకున్నా, 2021లో ఆఖరి ఈఎంఐ కట్టేసి ఎన్‌ఓసీ (బాకీ లేదని ఫైనాన్స్ వాళ్ళిచ్చే కాగితం) తెచ్చుకుని ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి తాకట్టులో ఉందనే రాత) కూడా తీయించేశాను. మొన్న మధురవాడలో ఫ్లాట్‌కి హోమ్ లోన్ అప్లై చేస్తే బ్యాంకులో మేడమ్ నా సిబిల్ రిపోర్టు ఉన్న స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు, ఆ లోన్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది, ఓవర్‌డ్యూ 2,340 అని, కింద నెలల గడుల్లో ఎన్ని రోజులు ఆలస్యమో చెప్పే అంకెలు 30, 61, 91 అని పెరుగుతూ పోయాయి. సిబిల్‌కి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే అభ్యంతరం) పెడితే మూడు వారాలకి "లెండర్ ఇచ్చిన సమాచారం కరెక్టే" అని క్లోజ్ చేసేశారు. రిజిస్టర్ పోస్ట్‌లో లెటర్ కొట్టమని మా బావ అన్నాడు. తీరా పోస్టాఫీసుకి వెళ్తే అది ఇప్పుడు లేదు బాబూ అంతా స్పీడ్ పోస్టే అన్నారు. రేపు కంప్లైంట్‌కి వెళ్తే అది చెల్లుతుందా? లెటర్ సిబిల్‌కా, ఫైనాన్స్ వాళ్ళకా? ఫ్లాట్‌కి 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాను, నిద్ర పట్టట్లేదండి.

రిటైర్డ్_లోన్స్_సెక్షన్:
బాబూ, ముందు కంగారు పడకు, ఎన్‌ఓసీ చేతిలో ఉన్నవాడివి. పోస్టాఫీసులో చెప్పింది నిజమే, 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. కానీ స్పీడ్ పోస్ట్ చేస్తూ "రిజిస్ట్రేషన్ కూడా వెయ్యండి" అని అడుగు, 5 రూపాయలు ప్లస్ జీఎస్టీ ఎక్కువ పడుతుంది, కవరు మీద ఉన్న పేరుకో వాళ్ళు రాసిచ్చిన మనిషికో మాత్రమే ఇస్తారు. నీకు కావలసింది ఎప్పుడు పంపావు, ఎప్పుడు అందింది అన్న రెండు తేదీలు, అవి దొరుకుతాయి.

అసలు సంగతి ఎవరికి పంపాలన్నది. సిబిల్ తనంతట తాను ఒక్క అంకె కూడా మార్చదు, అప్పిచ్చినవాడు ఒప్పుకుంటేనే మారుస్తుంది, నీ ఆన్‌లైన్ డిస్ప్యూట్ అలా మూసేసింది అందుకే. అందుకని అసలు లెటర్ ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ పేరున వెళ్ళాలి, కాపీ సిబిల్‌కి. లోన్ అకౌంట్ నంబరు, రిపోర్టు మీద ఉన్న కంట్రోల్ నంబరు, ఆఖరి ఈఎంఐ కట్ అయిన బ్యాంక్ స్టేట్‌మెంట్ పేజీ, ఎన్‌ఓసీ జిరాక్సు పెట్టు, ఒరిజినల్ మాత్రం ఎవరికీ పంపకు. రాసేటప్పుడు నీ బాధంతా నాలుగు పేజీలు రాయకు, "ఫలానా తేదీకి బాకీ సున్నా, ఫలానా తేదీ ఎన్‌ఓసీ జతపరిచాను, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ రికార్డు కంపెనీల్లోనూ క్లోజ్‌డ్ అని సరిచేయండి, కుదరదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి" అని అడుగు. ఆ కారణం చెప్పి తీరాలని ఆర్‌బీఐయే చెప్పింది. సరిచేయడానికి గడువు 30 రోజులు, అది దాటితే రోజుకి 100 రూపాయలు నీకు కట్టాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. తేదీ కాగితం మీద ఉండాలనేది అందుకే.

ఎంవీపీ_అమ్మ:
మా ఆయనకి ఇలాగే అయ్యింది, ఇంటిపేరు పేరు రెండూ కలిసిన ఎవరిదో పర్సనల్ లోన్ ఈయన రిపోర్టులో ఎక్కింది. తెలీక మేం సిబిల్‌కి మాత్రమే రాసి రెండు నెలలు పోగొట్టుకున్నాం, తర్వాత ఆ లోన్ ఇచ్చినవాళ్ళకి పాన్ కార్డు కాపీతో పంపితే అప్పుడు కదిలింది. మేం పంపినప్పుడు ఇంకా పాత రిజిస్టర్ పోస్టే, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది గానీ దాని మీద స్టాంపు అలికేసినట్టుంది, తేదీ కనపడదు, సంతకం ఎవరిదో అర్థం కాదు. ట్రాకింగ్ పేజీలో డెలివర్డ్ అని తేదీ ఉంటే అది ప్రింట్ తీసుకుని పెట్టాను, చివరికి అదే పనికొచ్చింది. మీరూ కార్డు ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇంకోటి, కౌంటర్లో ఇచ్చే రసీదు మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి, ఆ రోజే జిరాక్సు తీయించండి.

డాబాగార్డెన్స్_బాబాయ్:
తమ్ముడూ ఒక్క మాట, ఫోన్ చేసి 2,340లో 1,500 కట్టేయ్ క్లోజ్ చేస్తాం అంటారు, ఒప్పుకోకు. తగ్గించి కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అది చూసి హోమ్ లోన్ వాళ్ళు ఇంకా వెనక్కి తగ్గుతారు. నువ్వు బాకీయే లేనప్పుడు సెటిల్‌మెంట్ ఏటి? వేలకి వేలు తీసుకుని స్కోరు పెంచుతామనే ఏజెంట్ల దగ్గరకీ వెళ్ళకు, వాళ్ళు పెట్టేదీ ఇదే డిస్ప్యూట్. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్ళు, ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో వద్దనుకుంటే చండీగఢ్ సెక్టార్ 17లో ఉన్న ఆర్‌బీఐ సెంటర్‌కి కాగితం మీద రాసి కూడా పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు.

గాజువాక_షిఫ్ట్:
అందరికీ చాలా థ్యాంక్సండి. ఇవాళ నైట్ డ్యూటీ దిగి నేరుగా పోస్టాఫీసుకే వెళ్ళాను, రెండు కవర్లూ రిజిస్ట్రేషన్ వేయించి పంపాను, నంబర్లు ఈతో మొదలై ఐఎన్‌తో అయిపోయాయి. రసీదులు జిరాక్సు తీయించి ఎన్‌ఓసీ ఉన్న ఫైల్లో పెట్టాను, క్యాలెండర్ మీద 30వ రోజుకి మా ఆవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. బ్యాంకులో మేడమ్‌కి కూడా ఒక సెట్ ఇచ్చి ఫైల్ రిజెక్ట్ చెయ్యకుండా పెండింగ్‌లో పెట్టమని అడిగితే సరే అన్నారు. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.