డాక్టర్ని మారుస్తున్నాం, పాత కేస్ షీట్ గట్టిగా అడగొచ్చా?

ఖమ్మం_ఆడపడుచు:
అమ్మకి 66 ఏళ్లు. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్లో ఎడమ మోకీలు మార్పిడి చేయించాం. ఆర్నెల్ల నుంచి మళ్లీ వాపు, మెట్లు దిగుతుంటే లోపల ఏదో కదిలినట్టు ఉంటోందట. మూడుసార్లు చూపించినా "తగ్గుతుందమ్మా, ఎక్సర్‌సైజులు చేయండి" అనే మాటే. వేరే సర్జన్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎక్స్‌రే చూసి, ఇంప్లాంట్ లూజ్ అయినట్టుంది, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు, ఏ కంపెనీది ఏ సైజు వేశారో తెలియాలి, ఆపరేషన్ నోట్స్ పట్టుకురండి అన్నారు. మా దగ్గరున్నది రెండు పేజీల డిశ్చార్జ్ సమ్మరీ. అందులో ఆపరేషన్ గురించి ఒక్క లైను.

పాత హాస్పిటల్‌కి వెళ్తే రికార్డ్స్ రూమ్‌లో "కేస్ షీట్ హాస్పిటల్‌దండీ, సార్ ఓకే అంటేనే ఇస్తాం" అన్నారు. సార్ దగ్గరికి వెళ్తే "ఏంటమ్మా, నా మీద నమ్మకం పోయిందా?" అని అమ్మనే అడిగారు. అమ్మ తలొంచుకుని "అదేం లేదు బాబూ" అని లేచి వచ్చేసింది. బస్సులో దారి పొడుగునా నన్నే తిట్టింది, నడిపించిన మనిషిని అవమానించావని. నేను చేసింది తప్పా?

రికార్డ్_రూమ్_మనిషి:
తప్పేం లేదమ్మా. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా. ఒరిజినల్ హాస్పిటల్ దగ్గర ఉంటుంది, నిజమే. కానీ కాపీ పేషెంట్ హక్కు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే రేపు రా, ఎల్లుండి రా అంటారు. మెడికల్ సూపరింటెండెంట్ పేరు మీద లెటర్ రాయండి. ఐపీ నంబరు (హాస్పిటల్లో చేరినప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ వేసి, అమ్మ సంతకం పెట్టించి, ఆధార్ కాపీ జత చేయండి. మీరొక్కరే వెళ్తుంటే మీకిమ్మని అమ్మ ఇంకో కాగితం రాసివ్వాలి. మీ దగ్గరుండే కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు (లెటర్ అందిందని వేసే ముద్ర), తేదీ వేయించుకోకుండా మాత్రం కౌంటర్ కదలొద్దు. జిరాక్స్ ఖర్చు మీదే.

ఇంకోటి, రికార్డు దాచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లే. మీకు రెండేళ్లు అయిపోయాయి. ఆలస్యం చేయకండి.

గోదారి_గట్టు:
రూల్స్ అన్నీ బాగానే ఉంటాయి. మాది చిన్న ఊరు, ఎముకల డాక్టరు ఒక్కరే. ఆయన దగ్గర స్టాంపులు, లెటర్లు అంటే రేపు అర్ధరాత్రి నాన్నకి ఏదైనా అయితే ఏ ముఖం పెట్టుకుని తలుపు కొట్టాలి? మేం డాక్టర్ని మార్చినప్పుడు ఒక్క మాట అనకుండా కొత్తచోట టెస్టులన్నీ మళ్లీ చేయించాం. డబ్బులు పోయాయి, సంబంధం మిగిలింది.

ఖమ్మం_ఆడపడుచు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ రక్తం మళ్లీ తీస్తారు, ఎక్స్‌రే మళ్లీ తీస్తారు, రెండేళ్ల కిందటి ఆపరేషన్ నోట్స్ ఏ ల్యాబ్‌లో తీస్తారు?

ఆర్థో_డాక్టర్:
నేను సర్జన్నే, రెండు వైపులా ఉన్నవాణ్ని. "నమ్మకం పోయిందా" అని అడగడం తప్పు, అందులో వాదనే లేదు. కేస్ షీట్ అనగానే మాలో చాలామందికి ముందు కన్స్యూమర్ కేసు గుర్తొస్తుంది, దాంతో బిగుసుకుపోతారు. అందుకే నా సలహా, మొత్తం అడగకండి. ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్లున్న పేజీ, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు, ఇన్ఫెక్షన్ ఉందేమోనని చేసే కల్చర్ టెస్టు రిపోర్టు ఉంటే అది. వీటిని పేరుపెట్టి అడగండి. ఇన్ఫెక్షన్ లేకుండా ఉండి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క ఒక్కటే మార్చితే సరిపోయే కేసులుంటాయి. అప్పుడు అది పాతదానికి సరిపోయే కంపెనీది, సైజుది అయ్యుండాలి. తెలియకపోతే ఆ అవకాశమే చేజారొచ్చు. నర్సులు రాసిన బీపీ చార్టులతో కొత్త సర్జన్‌కి పెద్దగా పనిలేదు.

బందరు_బాబాయి:
డాక్టరు గారూ, మీ మాట మీద గౌరవం ఉంది గానీ ఇది ఒప్పుకోను. ఏది అవసరమో ఏది కాదో పేషెంట్‌కేం తెలుస్తుంది? మా ఆవిడకి రొమ్ములో గడ్డ తీసినప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకున్నాం. రెండో హాస్పిటల్లో "బయాప్సీ బ్లాకులు ఏవి, మా పాథాలజీ వాళ్లు మళ్లీ చూడాలి" అన్నారు. బ్లాకంటే ఏమిటో అప్పటిదాకా తెలియదు, తీసిన గడ్డ ముక్కని అందులో పెట్టి దాచే, అగ్గిపెట్టె కన్నా చిన్న మైనం ముక్క. దానికోసం తిరిగి తిరిగి తెచ్చేసరికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. అమ్మాయ్, అన్నీ తీసుకో. ఎంఆర్ఐ లాంటివి ఉంటే ఫిల్ములతో సరిపెట్టుకోకు, సీడీ కూడా అడుగు.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ ఫారం మీద సంతకం పెడితే కొత్త క్లినిక్ వాళ్లే పాత క్లినిక్ నుంచి తెప్పించుకుంటారు, పేషెంట్ డాక్టరుకి మొహం చూపించే పనే ఉండదు. అక్కడ ఆభా నంబరుతో, అదే ప్రభుత్వ హెల్త్ ఐడీతో, ఇది జరగాలి కదా?

రికార్డ్_రూమ్_మనిషి:
హాస్పిటల్ ఎక్కించిన కాగితాలే ఆభాలో కనిపిస్తాయండీ. రెండేళ్ల కిందటి చేతిరాత కేస్ షీట్ దానంతటది అందులోకి రాదు. ఇప్పటికైతే సంచీ మోసేది పేషెంటే.

గోదారి_గట్టు:
సరే, పేషెంటే మోయాలి. కనీసం డాక్టరుకి ఒక మాట చెప్పి అడగండి. వెనకనుంచి వెళ్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

ఖమ్మం_ఆడపడుచు:
వారం తర్వాత రాస్తున్నా. లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నా. మూడో రోజు ఫోన్ చేశారు, 86 పేజీలు. ఆపరేషన్ నోట్స్ వెనక పేజీలో నాలుగు తెల్ల స్టిక్కర్లు వరసగా అంటించి ఉన్నాయి, కంపెనీ, సైజు, లాట్ నంబరు. ఒకటి అంచు లేచి జిరాక్స్‌లో సగమే పడింది. అదే ప్లాస్టిక్ ముక్కది. మళ్లీ వెళ్లి ఒరిజినల్ పేజీ ఫోన్లో ఫోటో తీసుకుంటానంటే ముందు వద్దన్నారు, లెటర్ చూపిస్తే తీయనిచ్చారు.

గోదారి గట్టు అన్నా, మీ మాట కూడా విన్నాను. కొత్త డాక్టరుకి చూపిస్తున్నామని పాత సార్‌కి మెసేజ్ చేశా. చూశారు, జవాబివ్వలేదు. అమ్మ రోజూ అడుగుతోంది, ఏమన్నా అన్నారా అని.