అట్టపెట్టెల బొగ్గుతో అద్దకం నీళ్లు బాగుపడతాయా?

నూలుపోగు:
పాత అట్టపెట్టెలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును రసాయనాలతో ఉత్తేజితం చేస్తే రంగునీళ్లలోని రంగంతా పీల్చేస్తుందని పరిశోధనలు బోలెడు వస్తున్నాయి. మాది పోచంపల్లి. చిలపలకు రంగు వేశాక మిగిలిన నీళ్లు మా పెరట్లోంచి నేరుగా మోరీలోకే. మాలాంటి చిన్నవాళ్లకు ఇది పనికొస్తుందా, ల్యాబ్ ముచ్చటేనా?

తిరుప్పూర్ బాబాయ్:
ల్యాబ్ ముచ్చటే. ఆ పరీక్షలు చాలావరకు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగుతో చేసినవి. దానిది ధనావేశం, ఇట్టే అంటుకుంటుంది. నూలుకు మనం వేసే రియాక్టివ్ రంగులది ఋణావేశం, వాటిని బొగ్గు పట్టదు. పైగా తొట్టెలో లీటరుకు 50 గ్రాములకు పైగా ఉప్పు వేస్తాం. బొగ్గు ఉప్పును ముట్టుకోదు. ఇక్కడ నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం డ్యామ్ కింద పొలాలు పాడైంది ప్రధానంగా ఉప్పు వల్లే. 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూసేయమంది. మళ్లీ తెరవాలంటే ఆర్‌వో (పొరల గుండా నీళ్లు వడకట్టే యంత్రం), నీళ్లను ఆవిరి చేసే ఎవాపరేటర్లు పెట్టి చుక్క బయటికి పోకుండా చూసుకోవాల్సి వచ్చింది. నీళ్లు తేటగా కనబడితే చాలనుకోవడం ఊరి కళ్లకు గంతలు కట్టడమే.

కెమిస్ట్రీ సారు:
బాబాయ్ గారూ, ఉప్పు మాట నిజమే. కానీ రియాక్టివ్ రంగులను బొగ్గు పట్టదనడం తప్పు. ఉప్పున్న నీళ్లలో ఇంకా బాగా పట్టడం మామూలే. చిక్కంతా రంగు నూలుకు పట్టడానికి వేసే సోడా యాష్‌తో. ఆ క్షారాన్ని కాస్త ఆమ్లం వేసి దించకపోతే బొగ్గు చేతులెత్తేస్తుంది. ఇంకోటి, ముందే రంగు తీయకపోతే ఆర్‌వో పొరలు త్వరగా పూడుకుపోతాయి. అంటే బొగ్గుకూ ఒక చోటుంది, అదొక్కటే సరిపోదంతే.

పాతపేపర్ల షాపు:
అసలు అట్టపెట్టె చెత్త అని ఎవరన్నారండీ? కిలోల లెక్కన కొని బేళ్లు కట్టి మిల్లుకు పంపుతాం, మళ్లీ పెట్టె అవుతుంది. కిలో కాలిస్తే పావుకిలో అటూఇటూగా బొగ్గు మిగులుతుంది, ఎందుకా నష్టం? మా దగ్గర ఎవరూ కొననివి థర్మాకోల్, చిప్స్ ప్యాకెట్లు. వాటితో ఏమైనా చేస్తానంటే ఊరికే ఇస్తా.

కెమిస్ట్రీ సారు:
థర్మాకోల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో రంగు పట్టే పదార్థంగా మార్చొచ్చు. అప్పుడది పట్టేది ధనావేశ రంగుల్ని, నూలు రంగుల్ని కాదు. పెరట్లో చేసే పని అంతకన్నా కాదు. చిప్స్ ప్యాకెట్లో ప్లాస్టిక్‌నూ అల్యూమినియం పూతనూ విడదీయడమే పెద్ద తలనొప్పి.

నూలుపోగు:
సరే, రంగు పీల్చిన బొగ్గును ఏం చేయాలి?

తిరుప్పూర్ బాబాయ్:
అలా అడుగు! కొలిమి ఉంటే మళ్లీ కాల్చి వాడుకోవచ్చు. లేకపోతే చెరువుగట్టున పారబోస్తారు, వానకు రంగు మళ్లీ చెరువులోకే. నా మాట విని ముందు తొట్టె నీళ్లు, జాడించిన నీళ్లు వేరు చెయ్యి. ఉప్పులో ఎక్కువ భాగం తొట్టె నీళ్లలోనే ఉంటుంది, అవి తక్కువే. పది ఇళ్లు కలిసి ఒక సిమెంటు మడిలో ఎండబెట్టుకోవచ్చు. బొగ్గు జాడింపు నీళ్లకు వాడుకోండి.

నూలుపోగు:
వానాకాలం పైన రేకులు వేయాలన్నమాట. మడికి జాగా ఎవరిస్తారన్నది ఇంకో పంచాయితీ. వేరు చేయడానికైతే రెండు డ్రమ్ములు చాలు, అవి ఇంట్లోనే ఉన్నాయి.