మీరే బెంగళూరు ప్రిన్సిపల్ జడ్జి అయితే ముందు ఏం మారుస్తారు?

మారతహళ్లి మావయ్య:
మొన్న నేనిచ్చిన అప్పు రాబట్టుకునే దావా వాయిదాకి వెళ్లొచ్చాను. ఏ కోర్టో చెప్పను. పదిన్నరకే చేరాను. తలుపు పక్కన అంటించిన లిస్టు కన్నడలో ఉంది. మన లిపికి చుట్టమే కదా, వేలు పెట్టి చదువుకుంటూ పోతే నాది 74. పన్నెండూ ముప్పావుకి పిలిచారు. అప్పు తీసుకున్న మనిషికి సమన్లు అందలేదన్నారు, మూడు నెలలకి తేదీ ఇచ్చారు. అంతా అర నిమిషం. ఇది ఆరో వాయిదా, ఆరో సెలవు.

నగరంలో కింది కోర్టులన్నిటికీ పెద్ద దిక్కు ప్రిన్సిపల్ సిటీ సివిల్ అండ్ సెషన్స్ జడ్జి. ఆయన గట్టిగా అనుకుంటే రెండు పనులు చాలంటాను. లిస్టులో ప్రతి కేసు పక్కన టైము వేయించాలి, మూడు వాయిదాలు దాటితే కుదరదనాలి. కాదంటారా?

హెబ్బాళ వకీలు:
మావయ్యగారూ, మూడు వాయిదాల రూలు సివిల్ దావాలు నడిపే చట్టం సీపీసీ ఆర్డర్ 17లో ఉన్నదే. కానీ అది విచారణ మొదలయ్యాక మాట, మీది ఇంకా సమన్ల దగ్గరే ఆగింది. పైగా తప్పనిసరైతే మూడు దాటినా ఇవ్వొచ్చని సేలం బార్ కేసులో 2005లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇక టైము సంగతి. నిన్న నాకు కేజీ రోడ్‌లో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్, నృపతుంగ రోడ్‌లో బెయిలు, మేయో హాల్‌లో ఆర్గ్యుమెంట్స్. మూడూ పదకొండింటికే. ఒక్క కోర్టు టైము వేస్తే ఏం లాభం? జూనియర్ వెళ్లి ‘పాస్ ఓవర్’, అంటే కాసేపాగి పిలవమని, అడుగుతాడు, మీరు మళ్లీ మధ్యాహ్నం దాకా బెంచీ మీదే.

కడప పిల్ల:
అన్నా, ఆ మూడు చోట్లా కలిపి టైము వేయించగలిగేది ఆ పెద్ద జడ్జే కదా? మావయ్య అడిగేదీ అదే. కేరళలో కొల్లంలో చెక్ బౌన్స్ కేసులకి 2024లో 24 గంటల ఆన్‌లైన్ కోర్టే పెట్టారు. మనకేం రోగం?

హెబ్బాళ వకీలు:
అమ్మా, కొల్లంలో పెట్టించింది హైకోర్టు, జిల్లా జడ్జి కాదు. తేడా అక్కడే ఉంది. ఏ కేసు ఏ హాలుకి పోవాలో ప్రిన్సిపల్ జడ్జి చేతిలో ఉంటుంది. జడ్జీల పోస్టింగులు, బదిలీలు రాజ్యాంగం 235వ అధికరణ కింద హైకోర్టువి, బిల్డింగుల డబ్బు ప్రభుత్వానిది. పది లక్షల జనానికి 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే అంది. ఐదేళ్లలో చేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఇప్పటికీ అందులో సగం మంది కూడా లేరు. ఖాళీ కుర్చీలకి టైము వేస్తే ఏమొస్తుంది?

కోలారు తాత (రిటైర్డ్ శిరస్తేదార్, అంటే కోర్టు ఆఫీసులో పెద్ద గుమాస్తా):
నాయనా, ఖాళీలు నిజమే. కానీ ఉన్నవాళ్లతో అయ్యే పనీ ఉంది. వచ్చిన ప్రతి జడ్జి దొరా మొదటి మీటింగులో తెర మీద అంకెలు చూపించేవారు. నెలాఖరుకి డిస్పోజల్ యూనిట్లు, అంటే తేల్చిన కేసులకి వేసే మార్కులు, నిండాలి. దాంతో రాజీకొచ్చే చిన్న కేసులు ముందు తెగేవి, భాగపంపకాల దావాల కట్టలు బీరువా పైకెక్కేవి.

ఒకాయన మాత్రం తెర పెట్టలేదు. ప్రతి శనివారం సాయంత్రం సమన్లు పంపే నజారత్ సెక్షన్‌కి వచ్చి, తిరిగొచ్చిన సమన్ల కట్ట విప్పించేవారు. ‘డోర్ లాక్డ్’ అని రాసినవన్నీ ఒక పక్కన పెట్టించి, ‘ఎన్నింటికి వెళ్లావయ్యా?’ అని సమన్లు పట్టుకెళ్లే అమీనుని అడిగేవారు. పదకొండింటికట. ఉద్యోగస్తుడు ఆ వేళ ఇంట్లో ఎందుకుంటాడు? పొద్దున ఏడింటికి వెళ్లమన్నారు. నాలుగు నెలల్లో ఆ కట్ట సగమైంది. దీనికి హైకోర్టునీ అడగలేదు, ప్రభుత్వాన్నీ అడగలేదు.

కడప పిల్ల:
ఆయన బదిలీ అయ్యాక, తాతా?

కోలారు తాత:
మళ్లీ పదకొండింటికే.

హెబ్బాళ వకీలు:
నేను చెప్పేదీ అదే కదండీ. మనిషి పోగానే ఆగిపోయేది సంస్కరణ ఎలా అవుతుంది?

కోలారు తాత:
కాకపోవచ్చు. ఆ నాలుగు నెలల్లో కదిలిన దావాలైతే వెనక్కి పోలేదు.

మారతహళ్లి మావయ్య:
తాతగారూ, నా సమన్ల మీదా ‘డోర్ లాక్డ్’ అనే ఉంది! ఆ బాకీ మనిషి రోజూ ఎనిమిదింటికి మా వీధి చివర టీ కొట్టులో కూర్చుంటాడు. రోజూ చూస్తాను.

హెబ్బాళ వకీలు:
అయితే మూడు నెలలు ఆగకండి. సీపీసీ ఆర్డర్ 5 రూల్ 9-ఎ కింద సమన్లు మీ చేతికే ఇవ్వమని అర్జీ పెట్టించండి. 2002 నుంచి ఉంది. మీ వకీలు ఇన్నాళ్లూ చెప్పలేదా?