కిస్ ఫ్రేమ్ వెళ్తోంది, కాల్‌సైన్ చెత్తగా వస్తోంది

అమలాపురం వాసి: హ్యామ్ రేడియోలో డేటా పంపడానికి పైథాన్ నుంచి డైర్‌వుల్ఫ్ (కంప్యూటర్‌నే రేడియో మోడెమ్‌గా వాడుకునే సాఫ్ట్‌వేర్) 8001 పోర్టుకి, కిస్ (మోడెమ్‌కి ఫ్రేమ్ అందించే పద్ధతి) ద్వారా ఏఎక్స్.25 (హ్యామ్ డేటా ప్రోటోకాల్) ఫ్రేమ్ పంపుతున్నానండి, 1200 బాడ్ వేగంతో. అవతల రాజోల్లో కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) పిచ్చి అక్షరాలుగా పడుతోంది. కొన్ని ఫ్రేములైతే అసలే అందట్లేదు.

నరసాపురం హ్యామ్: అడ్రస్‌లో ప్రతి అక్షరాన్నీ ఒక బిట్ ఎడమకి జరపాలండి. 'వీ' హెక్స్‌లో 56, గాల్లోకి ఏసీగా వెళ్లాలి. కాల్‌సైన్ ఆరక్షరాలకి తగ్గితే ఖాళీలతో నింపండి. ఎస్‌ఎస్‌ఐడీ (కాల్‌సైన్ వెనకుండే స్టేషన్ నంబరు) బైట్‌ కింది బిట్ చివరి అడ్రస్‌లో మాత్రమే 1. తర్వాత కంట్రోల్ బైట్ 03, ప్రోటోకాల్ బైట్ ఎఫ్0. సీఆర్‌సీ (తప్పులు పట్టే చెక్ బైట్లు) మీరు కలపకండి, అది డైర్‌వుల్ఫే వేస్తుంది.

రాజోలు రేడియో: అందనివాటికి కొబ్బరితోటల్ని తిట్టుకునే ముందు టీఎక్స్‌డిలే (ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాక డేటా మొదలయ్యేలోపు ఆగే సమయం) చూడండి. 30 అంటే 300 మిల్లీసెకన్లు, 50 పెట్టండి. అవతల హ్యాండీలో (చేతి రేడియోలో) రిసీవర్‌ని మధ్యమధ్యలో నిద్రపుచ్చే బ్యాటరీ సేవర్ ఆపకపోతే ఫ్రేమ్ మొదలు తెగిపోద్దండి.

అమలాపురం వాసి: షిఫ్ట్ వేశాక కాల్‌సైన్ సరిగ్గా వచ్చిందండి. సేవర్ ఇంకా చూడాలి.