విదేశీ క్లబ్‌కి వెళ్తే దేశాన్ని వదిలేసినట్టేనా?

ప్రశ్న: న్యూజిలాండ్‌లో ఆడకపోతే ఆ దేశపు రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్‌కి తీసుకోరు. రగ్బీ కెరీర్ ఉండేదే కొన్నేళ్లు, మోకాలికి ఒక్క దెబ్బ తగిలితే అదీ పోతుంది, అలాంటప్పుడు ఫ్రాన్స్ క్లబ్ ఎక్కువ డబ్బిస్తానంటే వెళ్లడం తప్పెలా అవుతుంది?

జవాబు 1: తప్పు కాదు. కానీ పెద్ద ఆటగాళ్లంతా వెళ్లిపోతే దేశవాళీ మ్యాచ్‌లు చూసేదెవరు? ఆ భయంతోనే ఈ రూల్. ఆస్ట్రేలియా తన ఇలాంటి రూల్‌నే 2015లో సడలించింది: 60 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు), 7 ఏళ్ల సేవ ఉన్నవాళ్లని బయట ఆడుతున్నా తీసుకుంటామంది. ఫ్రాన్స్ క్లబ్ టూలాన్‌కి ఆడుతున్న మ్యాట్ గిటో అలాగే ఆ ఏడాది వరల్డ్ కప్ ఫైనల్ ఆడాడు.

జవాబు 2: దక్షిణాఫ్రికా బయట ఆడేవాళ్లనీ తీసుకుని 2019, 2023 కప్పులు గెలిచింది. వాళ్లకి దేశమంటే ప్రేమ తక్కువా?

జవాబు 3: చార్లెస్ పియుటౌ సంగతి చూడండి. ఆల్ బ్లాక్స్‌కి ఆడి, యూరప్ వెళ్లి, ఒక దేశానికి ఆడినవాళ్లు అమ్మానాన్నల దేశానికీ ఆడేలా రూల్ మారాక 2023 వరల్డ్ కప్‌లో టోంగా ఎర్ర జెర్సీ వేసుకున్నాడు, అది అతని అమ్మానాన్నల దేశం. అతన్ని ద్రోహి అనడానికి నాకైతే నోరు రాదు.