పిల్లల తీపి పానీయాల ప్రకటనలు: అబద్ధం లేకపోతే మోసం లేనట్లేనా?

తూనికరాయి:
ప్రకటనలో అబద్ధం ఉంటే తప్పుపట్టవచ్చు. కానీ విటమిన్లు, ఇనుము ఉన్నాయని చెప్పిన, పాలలో కలిపి తాగే పొడిలో అవి ఉంటాయి. చక్కెర ఎంతో కూడా డబ్బా వెనుక అచ్చువేసే ఉంటుంది. తిప్పి చూడకుండా కొన్నవారు తయారీదారును నిందించడం న్యాయం కాదు. పైగా, ఉత్త పాలు ముట్టని పిల్లలు ఈ పొడి కలిపితేనే తాగుతారు.

వెన్నెలపిట్ట:
మీ చివరి మాట నిజమే, ఆ తంటా నేనూ పడ్డాను. తిప్పి చూడమన్నారు కనుక వెనుక భాగాన్నే లెక్కగడదాం. 100 గ్రాముల పొడిలో 35 గ్రాముల కలిపిన చక్కెర ఉందనుకోండి. ఒక్కసారికి 20 గ్రాముల కొలత అని రాసి ఆ కొలతకే లెక్క చూపితే అంకె 7కు దిగుతుంది; రోజుకు రెండు గ్లాసులు తాగిస్తే అది 14 అవుతుంది, ఇంట్లో విడిగా వేసే చెంచాడు పంచదార కాక. మాంసకృత్తులు, కాల్షియం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాలతో కలిపి వేసిన లెక్క ముందుకొస్తుంది, పాల బలానికి పేరు పొడికి దక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, ఇలా కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం మించరాదని, 5 శాతం లోపయితే ఇంకా మేలని సూచించింది. రోజుకు 1,300 కిలోకేలరీలు సరిపోయే చిన్నపిల్లకు ఆ 5 శాతం సుమారు 16 గ్రాములు. రెండు గ్లాసులతోనే అది దాదాపు నిండిపోయింది. ఎత్తు పెరిగే బిడ్డను, పరుగుపందెంలో గెలిచే బిడ్డను చూపే ప్రకటనలో ఈ ఊసు ఎక్కడుంది?

తూనికరాయి:
కొలతల సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే పొడులు మానేసి పండ్లరసం ఇస్తే సరిపోతుంది కదా, వాటిలో చాలావాటిపై చక్కెర కలపలేదని స్పష్టంగానే రాస్తున్నారు.

వెన్నెలపిట్ట:
అదీ నిజమే, చిక్కూ అదే. పండ్లరసంలో, చిక్కబరిచిన పండ్లరసంలో ఉండే చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే హద్దులో లెక్కిస్తుంది. ‘కలపలేదు’ అన్న మాటను మనం ‘లేదు’ అని చదువుకుంటున్నాం. చిలీ 2016 నుంచి చక్కెర మితిమీరిన సరుకుల డబ్బా ముందువైపునే నల్లని అష్టభుజి హెచ్చరిక ఉండాలంది, అలాంటి డబ్బాలపై పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు కూడదంది. ఆ గుర్తు ముందే కనబడుతున్నా కొనేవారుంటే, బాధ్యత వారిదేనన్న మీ మాటకు నేను ఎదురు చెప్పను.