టియెబెలే మట్టి ఇళ్ళు: సరిహద్దు దాటి వెళ్ళొచ్చా?

అక్రాలో_లక్ష్మి:
నమస్తే అండీ. ఉద్యోగం వల్ల ఘనా రాజధాని అక్రాలో ఉంటున్నాం. బుర్కినా ఫాసోలోని టియెబెలే రాజప్రాంగణం ఫొటోలు చూశాక ఎలాగైనా వెళ్ళాలని మనసు పీకుతోంది. 2024లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. మ్యాప్‌లో చూస్తే ఘనాకి పక్కనే. పాగా దగ్గర సరిహద్దు దాటి, చూసుకుని సాయంత్రానికి వచ్చేయొచ్చా? మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

ఉత్తరగాలి:
లక్ష్మి గారూ, ఇప్పుడు మాత్రం దాటకండి. బుర్కినా ఫాసోలో సాయుధ దాడులు, కిడ్నాప్‌ల భయం ఏళ్ళ తరబడి ఉంది. చాలా దేశాలు తమవాళ్ళని ఆ దేశానికే వెళ్ళొద్దంటున్నాయి.

అయితే నిరాశ పడక్కర్లేదు. టియెబెలే కట్టిన కసేనా ప్రజలు సరిహద్దుకి రెండువైపులా ఉన్నారు. ఘనా వైపున్న పాగాలో వాళ్ళ పెద్ద నివసించే పియా ప్యాలెస్ చూడండి. అవే మట్టి గోడలు, అవే చదును మిద్దెలు. మిద్దె మీద ధాన్యం ఎండబెడతారు. పాత గదుల గుమ్మాలు ఎంత కిందకి ఉంటాయంటే దాదాపు పాకుతూ వెళ్ళాలి. లోపల అడుగు పెట్టగానే ఓ పొట్టి అడ్డుగోడ. శత్రువు తల వంచుకుని దూరితే, లోపల ఉన్నవాడిదే పైచేయి కదా!

రంగుల కోసం మాత్రం ఘనాలోనే ఉన్న సిరిగు ఊరికి వెళ్ళాలి. అక్కడుండేది నంకానా తెగవాళ్ళు. గోడ కట్టేది మగవాళ్ళు, అలికి బొమ్మలు వేసేది ఆడవాళ్ళు. మట్టిలో పేడ కలిపి అలుకుతారు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులకి మట్టి, రాళ్ళు నూరుకుంటారు. గులకరాయితో గోడని నున్నగా రుద్ది, చివర్న దావదావ అనే చెట్టు కాయల తొక్కలు మరగబెట్టిన రసం పూస్తారు. మెరుపు, వాన నుంచి కాస్త రక్షణ, రెండూ దానివల్లే. కొండచిలువ, మొసలి, ఆవు బొమ్మలు గోడ మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. మధ్యలో త్రికోణాల వరసలు పగిలిన సొరకాయ బుర్ర ముక్కలకి గుర్తు.

ఊళ్ళో స్వోపా అని మహిళల సంస్థ ఉంది, 1997లో మొదలైంది. గది వాళ్ళ దగ్గరే తీసుకోండి, గైడ్‌ని వాళ్ళే ఇస్తారు. గోడకి రంగు వేయడం కూడా నేర్పిస్తారు. ఫొటోలకన్నా నాకు అదే నచ్చింది.

తమాలే_రోడ్డు:
అక్రా నుంచి తమాలేకి ఫ్లైట్, అక్కడి నుంచి బోల్గటంగాకి రోడ్డు. డబ్బులు బోల్గాలోనే తీసుకోండి, చిన్న సెడీ (ఘనా డబ్బు) నోట్లు ఉండాలి. తూర్పున బావ్కు వైపు మాత్రం పోవద్దు, అక్కడ గొడవలు. దారిలో నవ్రోంగోలో మట్టితో కట్టిన కెథడ్రల్ ఉంది. లోపలి గోడల మీద బొమ్మలు వేసింది సిరిగు ఆడవాళ్ళే. దానికో గంట కేటాయించండి.

విజయ్_కె:
నాకు సిరిగు పెద్దగా నచ్చలేదు. స్వోపా కేంద్రం బాగుంది కానీ, ఊళ్ళో చాలా ఇళ్ళకి రేకుల కప్పులు, సిమెంటు. రంగులున్న చోట కూడా సగం వెలిసిపోయాయి.

ఉత్తరగాలి:
విజయ్ గారు చెప్పింది నిజమే. కానీ ఏటా వాన కడిగేస్తుంటే ఎండాకాలంలో మళ్ళీ వేసుకోవాల్సిందే. పెద్దావిడకి ఓపిక తగ్గి, కోడలు పట్నం వెళ్ళిపోతే ఆ గోడ అలాగే ఉండిపోతుంది. రేకు వేసుకున్న ఇంటివాళ్ళని నేను తప్పుపట్టను. ప్రతి వానకీ కప్పు బాగుచేసుకోమని మనం ఏ ముఖంతో చెప్తాం? వెలిసిన గోడల దగ్గర కూడా ఆగండి, కింద పాత పొర బొమ్మ కనిపిస్తుంది. ఎవరి ఇంటి ముందైనా ఫొటో తీసేముందు అడగండి.

అక్రాలో_లక్ష్మి:
థాంక్సండీ, సిరిగుకే వెళ్తాం. డిసెంబరులో అయితే ఎలా ఉంటుంది? అత్తగారు ఆ గుమ్మాల్లోంచి దూరలేరేమో!

ఉత్తరగాలి:
డిసెంబరు మంచిదే. హర్మటాన్ అనే ఎడారి గాలి మోసుకొచ్చే దుమ్ము ఉంటుంది, మాస్కు పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో మాత్రం ఎండకి తట్టుకోలేరు. అత్తగారు లోపలికి దూరక్కర్లేదు, మిద్దె ఎక్కే నిచ్చెన అసలే వద్దు. చెట్టు దుంగకి మెట్లు చెక్కిందది. బొమ్మలన్నీ బయటి గోడల మీదే కదా, వాకిట్లో స్టూలు వేయమని గైడ్‌తో ముందే చెప్పండి.